గీతకు జానెడు అవతల

బుధవారం పొద్దున వీధి సంఘం గదిలో హత్సునో పెద్దమ్మ అన్నది ఒక్కటే మాట. "దాన్ని చింపెయ్." అని, గొడుగు అందుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట శుక్రవారానికల్లా క్యోటోలోని సుగిమోన్ వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకిపోయింది.

చింపెయ్యమన్నది మినెకో తీసిన ఫొటోని. ఆదివారం, వీధి పొడవునా కప్పిన పైకప్పు దూలాలకు నలభై ఫొటోలు వేలాడబోతున్నాయి. ఒక్కొక్కటీ తలుపంత గుడ్డ మీద అచ్చు వేయించినది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ వీధిలోనే తిరుగుతూ, ఈ వీధి మనుషుల్నే వాళ్లకు తెలియకుండా తీస్తూ వచ్చిన మినెకోకు ఇదే మొదటి ప్రదర్శన. మ్యూజియం వాళ్లు రెండుసార్లు కబురు పెట్టినా వెళ్లలేదామె. "నా ఫొటోలు పుట్టినచోటే వేలాడాలి" అని కూర్చుంది. చివరికి వీధే పిలిచింది. ఆ కబురు వచ్చిన రోజు, వీధి చివర తన చిన్న స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటూ కూడా మినెకో తల ఎత్తుకునే తిరిగింది.

ఆ నలభైలో నడిమధ్యన, అన్నిటికన్నా పెద్దదిగా వేలాడాల్సింది ఇరవై మూడో నంబరు. పద్దెనిమిదేళ్ల కిందటి చలికాలపు పొద్దు అది. షట్టర్లు ఇంకా లేవలేదు. తేయాకు కొట్టు గుర్తున్న నీలం ఏప్రాన్ కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి మనకు వీపు పెట్టి, వంగి ఊడుస్తోంది. చల్లిన నీళ్లకు రాళ్లు మెరుస్తున్నాయి. ఆ తడి తేయాకు కొట్టు ముందే ఆగిపోలేదు. పక్కనున్న ఊరగాయల కొట్టు ముందు కూడా గుమ్మమంతా పరుచుకుని ఉంది. ఆ ఊరగాయల కొట్టు హత్సునోది.

ఈ వీధిలో పొద్దున్నే ఎవరి గుమ్మం వాళ్లు ఊడ్చి నీళ్లు చల్లుకుంటారు. రెండు గుమ్మాల మధ్య గీత దాటి పక్కవాళ్ల వైపు ఒక్క జానెడు మాత్రం ఊడవాలి. ఆ జానెడు ఊడవకపోతే మనిషి పొగరుబోతు. జానెడు దాటి ఊడిస్తే, నీ గుమ్మం నువ్వు చూసుకోలేవా అని మొహం మీద అడిగినట్టు. ఇక గుమ్మమంతా ఊడ్చేస్తే చెప్పేదేముంది! అందుకే సంఘం గదిలో ఆ ఫొటో చూసినప్పటి నుంచి మిఠాయి కొట్టు ముందు ఆడవాళ్ల నోళ్లు ఊరుకోవడం లేదు. "పాపం, తేయాకు కొట్టు ఫుసా! ఆ చలికాలం దాటగానే పోయిందిగా. ఒంట్లో అంత జబ్బు పెట్టుకుని పక్కింటి గుమ్మం కూడా ఊడ్చిందే! ఈ మహాతల్లి లోపల వెచ్చగా పడుకుని ఊడిపించుకుందే!"

ఆ మాటలు విని విని చెవులు చిల్లులు పడ్డ మినెకో, శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఫొటో ప్రింటు, దాని నెగెటివ్, కత్తెర సంచిలో వేసుకుని ఊరగాయల కొట్టు పక్కతలుపు తట్టింది.

"వచ్చావా ఫొటోల అమ్మాయ్? కూర్చో. పీట చల్లగా ఉంటుంది. ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాదులే" అన్నది హత్సునో.

యాభై ఏడేళ్ల మినెకోను అమ్మాయ్ అని పిలిచే మనిషి ఈ వీధిలో ఇక ఈవిడ ఒక్కతే మిగిలింది. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చినా నడుం వంగలేదు, నోరూ వంగలేదు. బ్లేడు బిగించిన చెక్కపలక మీద తలకాయంత తెల్లదుంపను ముందుకూ వెనక్కూ లాగుతోంది. కాగితం కన్నా పల్చటి చక్రాలు పీపాలోకి రాలుతున్నాయి. ఈ కాలంలో ఆ దుంపల ఊరగాయ కోసం ఊళ్లు దాటి వస్తారు జనం.

పని ఆపకుండానే కెటిల్ వైపు గడ్డంతో చూపించింది. మినెకో తనే వంచుకుంది. వేయించిన బార్లీ నీళ్లు. క్యోటో మొత్తానికీ పేరున్న తేయాకు కొట్టు గోడ పక్కనే ఉండగా, ఈవిడ పద్దెనిమిదేళ్లుగా బార్లీ నీళ్లే తాగుతోంది. ఆ కొట్టు యజమాని, ఫుసా భర్త కిజిమాతో మాటల్లేవు. ఫుసా కర్మ జరిగిన మర్నాటి నుంచి హత్సునో చీపురు సరిగ్గా గీత దగ్గర ఆగిపోతుంది. కిజిమా మాత్రం ఎనభై రెండేళ్ల వయసులోనూ రోజూ గీత దాటి ఆమెవైపు ఆ జానెడూ ఊడుస్తూనే ఉన్నాడు. ఇదంతా మినెకో ఫొటోల్లో ఏడాది తర్వాత ఏడాది పడి ఉంది.

"ప్రింటు తెచ్చాను పెద్దమ్మా. ఒకసారి సరిగ్గా చూస్తారని."

"సరిగ్గానే చూశా. పొర కమ్మింది కుడికంటికే. ఎడమది నీ కెమెరాకన్నా బానే పనిచేస్తోంది."

"మరి చింపమంటారేంటి? అందులో మీకేం అవమానం?"

"నాకు అవమానమని నేనన్నానా? చింపెయ్యమన్నాను. నీ పద్ధతి ప్రకారమే అడుగుతున్నా."

మినెకో పద్ధతి వీధిలో అందరికీ తెలిసిందే. అడిగి తీసే ఫొటోలో మనిషి ఉండడని, ఫొటో కోసం నిలబడ్డ బొమ్మ ఉంటుందని ఆమె వాదన. అందుకని అడగకుండానే తీస్తుంది. తీశాక ప్రింటు వేసి, ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లి చేతిలో పెడుతుంది. వద్దు అంటే, వాళ్ల కళ్లముందే నెగెటివ్ కత్తిరించేస్తుంది. మారు మాట ఉండదు, బతిమాలడం ఉండదు. ముప్పై ఒక్క ఏళ్లలో అలా తొమ్మిది కత్తిరించింది. ఈ వీధిలో మనుషులు ఆమె కెమెరా చూసి మొహం తిప్పుకోకపోవడానికి ఆ కత్తెరే కారణం.

"నా పద్ధతిలో వద్దనాల్సింది ఫొటోలో ఉన్న మనిషి" అన్నది మినెకో. "ఫుసా గారు లేరు. నేను ప్రింటు పట్టుకెళ్లేసరికే పోయారు. కిజిమా గారి చేతికిచ్చాను. చాలాసేపు చూసి, బాగుందమ్మా అని గుడ్డలో చుట్టి దాచుకున్నారు. నడిమధ్య ఇదే ఉండాలని మొన్న పట్టుబట్టిందీ ఆయనే. ఆయన వద్దంటే అప్పుడు..."

చెక్కమీద దుంప ఆగిపోయింది.

"ఆయనా? ఆయనకేం తెలుసు? పొద్దెక్కేదాకా ముసుగుతన్ని పడుకునే మనిషికి గుమ్మం ముందు ఏం జరిగిందో ఏం తెలుసు?"

"పెద్దమ్మా, నేను ఒకటి చెప్తాను వినండి." మినెకో గొంతు పెరిగింది. ఇన్నాళ్లూ ఎవరి ముందూ పైకి అనని మాట అది. "ముప్పై ఒక్క ఏళ్లలో ఇంత మంచి ఫొటో నేను తీయలేదు. ఇక తీయలేను కూడా. ఆ వంగిన వీపు చూస్తే ఈ వీధి మొత్తం కనబడుతుంది నాకు. గర్వమనుకోండి, ఏమన్నా అనుకోండి. వేలాడితే నలభై వేలాడతాయి, లేదంటే ఒక్కటీ వేలాడదని సంఘానికి చెప్పేశాను. మిఠాయి కొట్టు ముందు నలుగురు వాగారని..."

"వాగనీ. వాళ్లకు మరి పనేముంది? జబ్బుమనిషి చేత ఊడిపించుకున్నాననేగా? అనుకోనీ. ఆ మాట పడతా. ఎవరిచేతా మాట పడకుండా ఇన్నేళ్లు బతికా, ఒక మాట పడితే అరిగిపోను. నేను పడలేనిది వేరే ఉంది."

ఆ విసురుకు చెక్కమీది తొక్కలు కిందపడ్డాయి. హత్సునో గొణుక్కుంటూ లేచి, మూలనున్న పొట్టి చీపురు తీసి ఊడవసాగింది. మినెకో చూపు అలవాటుకొద్దీ ఆమె చేతుల మీదికి పోయింది. ముప్పై ఒక్క ఏళ్లు మనుషుల చేతులు చూసే బతికిన కళ్లు అవి.

చీపురు కింది భాగాన్ని పట్టుకున్నది ఎడమచెయ్యి.

ఇందాక దుంపను లాగిందీ ఆ చెయ్యే. ఈ పెద్దమ్మది ఎడమచేతివాటమని వీధిలో పిల్లలకు కూడా తెలుసు. మినెకో గబగబా ప్రింటు విప్పింది. నీలం ఏప్రాన్, వంగిన వీపు, చీపురు. కింద ఉన్నది ఎడమచెయ్యి. ఊరగాయల కొట్టు ముందు తడి అంచుల వెంట ఆరడం మొదలుపెట్టింది. తేయాకు కొట్టు ముందు నీళ్లు అప్పుడే చల్లినట్టు నిండుగా ఉన్నాయి. ఎవరైనా సొంత గుమ్మంతోనే మొదలుపెడతారు. ఊడుస్తూ ఊడుస్తూ పక్కదానికి వెళతారు. ఈ ఫొటోలో ఉన్నది ఊరగాయల కొట్టు ఊడ్చిన తేయాకు కొట్టు మనిషి కాదు. తేయాకు కొట్టు ఊడుస్తున్న ఊరగాయల కొట్టు మనిషి.

"పెద్దమ్మా... ఇది మీరు!"

హత్సునో తొక్కలు ఎత్తి చేటలో పోసి, చేతులు దులుపుకుని, తీరిగ్గా కూర్చుంది. "ముప్పై ఒక్క ఏళ్లు కెమెరా మెళ్లో వేసుకుని తిరిగావు. మనిషి చెయ్యి చూడ్డానికి పద్దెనిమిదేళ్లు పట్టిందా అమ్మాయ్?"

మినెకో సిగ్గుతో తల దించుకుంది. తన కన్ను దాటి ఏదీ పోదని విర్రవీగిన మనిషి. ఆ గర్వం ఒక్క చీపురుకట్టకు దిగిపోయింది.

"నవంబరులో మంచాన పడింది ఫుసా" అన్నది హత్సునో. గొంతులో ఎత్తిపొడుపు పోయింది. "నిలబడితే కాళ్లు తేలిపోయేవి. గుమ్మం ఊడవకపోతే వీధికి తెలిసిపోతుందిగా, తేయాకు కొట్టు ఇల్లాలు లేవలేకపోతోందని. ఇక చూసుకో, ఒకళ్ల తర్వాత ఒకళ్లు అయ్యో అయ్యో అంటూ వచ్చేస్తారు. దానికి జాలి అంటే ఒళ్లుమంట. 'నన్ను చూసి ఎవరైనా అయ్యో అన్న రోజే చచ్చిపోతానే' అనేది. వెనకసందులోంచి దాని ఏప్రాన్ తెచ్చుకుని కట్టుకున్నా. రెండు రోజులు కుడిచేత్తో ఊడ్చా, దానిలాగే కనబడాలని. మూడోరోజుకు నడుం పట్టేసింది. అంత పొద్దున్నే చేతులెవరు చూస్తార్లే అనుకుని ఎడమకు మార్చా. నువ్వు చూశావు. చూశావు గానీ నీకు కనబడలేదు."

"చలికాలమంతానా?"

"ఏప్రిల్‌లో పోయేదాకా. జబ్బు సంగతి వీధికి దాని చావుతోనే తెలిసింది. అదీ దాని దర్జా! ఎవరికీ చెప్పనని చెయ్యి పట్టుకుని మాటిచ్చా. ఆదివారం తలుపంత గుడ్డమీద వేలాడదీశావనుకో, ఇవాళ నీకు కనబడిన చెయ్యి రేపు ఇంకొకరికి కనబడుతుంది. అప్పుడు అందరూ కలిసి అయ్యో అంటారు. పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా."

చేటను పక్కకు నెట్టి మళ్లీ అన్నది. "ఆ చలికాలమంతా ఆ మహానుభావుడు ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు కిందికి దిగితే ఒట్టు! పెళ్లాం మంచాన ఉంది, పొరుగుది గుమ్మం ఊడుస్తోంది, ఆయన పైన నిద్ర. కర్మ రోజునే మొహం మీద అడిగేశా, బాగా నిద్రపట్టిందా అని. కిక్కురుమనలేదు. అందుకే ఆయన గీత దాటి జానెడు కాదు కదా, వేలెడు కూడా ఊడవను." అని చెయ్యి చాచింది. "ఫొటోలో ఉన్న మనిషి వద్దంటోంది. ఇప్పుడు చెప్పు, నీ పద్ధతి ఏమంటుంది?"

మినెకో సంచి దగ్గరికి లాక్కుంది. ఇరవై మూడు పోతే నలభై పోయినట్టే. ఆ మాట అన్నది తనే, ఇంకెవరో కాదు. ముప్పై ఒక్క ఏళ్ల పొద్దులు, మోకాళ్ల నొప్పులు, డార్క్ రూములో మందుకు పగిలిపోయిన వేళ్లు, అన్నీ ఆ చిన్న ముక్కతో పోతాయి. అయినా తొమ్మిదిసార్లు కత్తిరించిన చెయ్యి, పదోసారి తన ఫొటో బాగుందని ఆగిపోతే ఆ తొమ్మిదిమందికీ ద్రోహం చేసినట్టే. ఆమెకు ఈ ఫొటో అంటే గర్వమే. కానీ ఈ కత్తెర అంటే అంతకన్నా గర్వం. సంచిలోంచి నెగెటివ్ తీసింది. కత్తెర తెరిచింది.

"ఆ కత్తెర పక్కన పెట్టమ్మా మినెకో."

పక్కతలుపు బయట కిజిమా నిలబడి ఉన్నాడు. ఊడుస్తూ ఊడుస్తూ వచ్చినట్టున్నాడు, చీపురు చేతిలోనే ఉంది.

"లోపలికి రమ్మని నేననలేదు" అన్నది హత్సునో.

"అనలేదు. అందుకే బయటే నిలబడ్డాను. గీత దాటి జానెడే వచ్చాను, కావాలంటే కొలుచుకోండి." కిజిమా గొంతు సవరించుకున్నాడు. "మా ఫుసాది కుడిచెయ్యి. నలభై ఏళ్లు నాకు అన్నం వడ్డించిన చెయ్యి ఏదో నాకు తెలియదా?"



"ఎప్పటినుంచి తెలుసు?" అని అడిగింది మినెకో.

"మొదటిరోజు నుంచి."

"ఆహా! నిద్రలో చూశారు కాబోలు!" అన్నది హత్సునో. కానీ ఆ మాటలో ఎప్పటి పదును లేదు.

కిజిమా నెగెటివ్ వైపు వేలు చూపించాడు. "ఫొటో పై అంచు చూడమ్మా" అన్నాడు మినెకోతో.

"పై అంచు ప్రింటులో కోసేశానండి. అక్కడ ఏదో తెల్లగా మెరుస్తుంటే, మేడ కిటికీ అద్దంమీద దీపం పడిందనుకున్నా. ఫొటోకు అడ్డమని..."

"ప్రింటులో కోశావు. నెగెటివ్‌లో ఉంటుందిగా? ఆ పొద్దున నువ్వు కెమెరా ఎత్తడం నేను చూశాను."

మినెకో నెగెటివ్‌ను దీపం కింద పట్టుకుని భూతద్దం పెట్టింది. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనబడే ఆ లోకం ఆమె కళ్లకు అలవాటైనదే. వంగిన వీపు మీంచి, మూసిన షట్టరు మీంచి, మెల్లగా పైకి వెళ్లింది. మేడ కిటికీ. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆమె దీపం అనుకున్నది దీపం కాదు. చిక్కిపోయిన మొహం. జుట్టు విరబోసుకుని, గడ్డం కిటికీ చెక్కకు ఆనించి, కిందికి చూస్తోంది. ఆ మొహం వెనక ఇంకో భుజం. చంకల కిందనుంచి వచ్చి, పడిపోకుండా పట్టుకున్న రెండు చేతులు.

మినెకో భూతద్దం హత్సునో చేతిలో పెట్టింది.

హత్సునో కుడికన్ను మూసి, ఎడమకంటితో చూసింది. చాలాసేపు చూసింది.

"ఫుసా... నవ్వుతోందే!"

"రోజూ నవ్వేది" అన్నాడు కిజిమా. "మీరు మొదటి రెండు రోజులు కుడిచేత్తో పడ్డ అవస్థ చూసి మరీ నవ్వింది. ఆ తర్వాత, 'చూడండి, మన గుమ్మం కూడా తన గుమ్మంలాగే ఊడుస్తోంది, నా స్నేహితురాలంటే ఏమనుకున్నారు' అని నాకు గొప్పలు చెప్పుకునేది. మీ చీపురు చప్పుడు వినబడగానే లేవాలి, కిటికీ దగ్గరికి రావాలి. ఒక్కరోజు మానలేదు. తను నిలబడలేదుగా, ఎత్తి పట్టుకునేవాణ్ణి. దాన్ని వదిలేసి కిందికి ఎలా వస్తానండీ?"

హత్సునో భూతద్దాన్ని ఒళ్లో పెట్టుకుంది. బయట ఎక్కడో మొదటి షట్టరు గడగడమంటూ లేచింది.

"అది పోయేముందు దాని మొహం పడ్డది ఈ నెగెటివ్ ఒక్కదాంట్లోనే" అన్నాడు కిజిమా. "ఆదివారం ఆ గుడ్డ కింద నిలబడి, ఊడ్చిన మనిషి పేరు వీధి మొత్తానికీ వినబడేట్టు చెప్పాలనుకున్నా. జాలిపడ్డానికి కాదు. నేను బతికుండగా ఒక్కసారి గర్వంగా చెప్పుకోవాలని. వద్దంటే మీ ఇష్టం. ఫొటోలో కింద ఉన్నది మీరు."

హత్సునో కళ్లు తుడుచుకోలేదు. తడిచిన మొహంతోనే నిటారుగా కూర్చుని, మినెకో చేతిలోంచి కత్తెర లాక్కుంది. నెగెటివ్‌ను ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుంది.

"పద్దెనిమిదేళ్లు" అన్నది. "ముఖాన ఉమ్మినంత పని చేశాను. మీ గీత దగ్గర చీపురు ఆపేశాను. మీ తేయాకు ముట్టుకోలేదు. ఒక్క మాట, 'నేను నిద్రపోలేదు' అన్న ఒక్క మాట చెబితే సరిపోయేదిగా! ఎందుకు చెప్పలేదు? ముందు అది చెప్పండి. విన్నాక దీన్ని ఉంచాలో కత్తిరించాలో నేను చెప్తా."

కిజిమా చీపురు గోడకు ఆనించాడు. చెప్పులు విడిచాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి, ఎవరూ పిలవకుండానే, ఆ గుమ్మంలో అడుగుపెట్టాడు.

"మాట తీసుకుంది మీ ఒక్కరి దగ్గరే అనుకుంటున్నారు" అన్నాడు. "నా దగ్గరా తీసుకుంది ఫుసా. ఆ మాట మీ గురించి. 'మనం పైనుంచి చూస్తున్నామని తెలిస్తే సిగ్గుపడి మానేస్తుంది, తనకు ఎప్పటికీ చెప్పకండి' అన్నది."